కంప్యూటర్‌కి గుప్పెడు సున్నం

అక్క ఇల్లు మారుతోందంటే సాయం చేద్దామని అనకాపల్లి వెళ్ళాను. సాయం అంటే, నేను కుర్చీలో కూర్చుని ఇది ఉంచు, అది పారెయ్యి అని చెప్పడం. మొయ్యడానికి వేరే మనుషులున్నారు. అటక మీంచి దించిన ఒక అట్టపెట్టెలో పాత ప్రింటర్ రిబ్బన్లు, ఫ్లాపీలు, వాటి కింద ఒక అల్యూమినియం దిమ్మ కనిపించాయి. దిమ్మ మీద "ముట్టుకోవద్దు" అని నా చేతిరాతతో కాగితం అంటించి ఉంది. నాలుగు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంతే ఉంటుంది. ఒక పక్క రెండు సన్నని గొట్టాలు, రెండో పక్క పురుగు తిన్న వంకాయలా గుంటలు. అక్క దాన్ని చూడగానే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మావయ్య ప్రతాపంరా ఇది! పారెయ్యకు, మనవలకి చూపించాలి" అంది. పాతికేళ్ళుగా మా ఇంట్లో అందరం నవ్వుతున్న నవ్వే అది. నూకరాజు మావయ్య కంప్యూటర్‌కి సున్నం వేసిన కథ లేకుండా మా వాళ్ళలో ఒక్క పెళ్ళి భోజనం కూడా అయింది లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ సున్నం వేసింది మావయ్య కాదు, నేను. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. రెండో మనిషి మావయ్యే.

మా ఇల్లు అప్పట్లో బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఉండేది. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఉగాది దాటేదాకా బెల్లం బళ్ళన్నీ మా గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. ఆ వాసన తలగడలకీ, పుస్తకాలకీ, అమ్మ మడతపెట్టి బీరువాలో దాచిన చీరలకీ కూడా పట్టేది. ఎవరింటికైనా వెళితే "మీరొస్తే బెల్లం వాసన వస్తుందే" అనేవారు. మాకు మాత్రం తెలిసేది కాదు. అమ్మ తెల్లారేసరికి వాకిలి కడిగి, ముగ్గేసి, ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ రెండో చేత్తో కాఫీ కలిపేది. ముందు గదిలో అక్క కంప్యూటర్ ఉండేది. నాన్న పోయాక అక్క ఒక ప్రెస్సులో పనిచేసి, ఆ యజమాని కొత్తది కొనుక్కుంటూ వదిలించుకున్న పాతదాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అమ్మవారి జాతర కరపత్రాలు, అన్నీ దాని మీదే టైపు చేసేది. మేం ముగ్గురం తిన్న అన్నం దానిలోంచే వచ్చింది. నేను డిగ్రీలో మూడు సబ్జెక్టులు మిగుల్చుకుని, ఆ మూడూ నా స్థాయికి తగినవి కావని గట్టిగా నమ్ముతూ, ఆ కంప్యూటర్ చుట్టూ తిరిగేవాణ్ణి. దానికి ఏదైనా అయితే నన్ను పిలిచేవారు. ఏమీ కాకపోతే నేనే ఏదో ఒకటి కెలికి, పిలిచేలా చూసుకునేవాణ్ణి.

నూకరాజు మావయ్య అమ్మకి తమ్ముడు. కె. కోటపాడు అవతల ఒక పల్లెటూరు. తనకున్న భూమి తక్కువ కాబట్టి, చుట్టుపక్కల రైతుల గానుగల దగ్గరకి వెళ్ళి బెల్లం వండి పెట్టేవాడు. చెరకు రసం పెనంలో మరుగుతున్నప్పుడు మడ్డి పైకి తేలడానికి సున్నం వెయ్యాలి. తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడిపోతుంది. నల్లబడితే రైతు ఏడాది కష్టం మార్కెట్లో నవ్వులపాలే. ఆ సున్నం ఎంత వెయ్యాలో కొలిచి చెప్పే గరిటె ఏదీ లేదు. రసాన్ని చూసి, చెరకు ఏ చేలోదో అడిగి, నాలిక మీద ఒక చుక్క వేసుకుని, మావయ్య మూడు వేళ్ళతో తీసి వేసేవాడు. "నూకరాజు చెయ్యి పడిందంటే ఆ బెల్లం బంగారమే" అని ఊళ్ళలో పేరు. ఆయనకి ఆస్తి ఏదైనా ఉందంటే ఆ పేరే. సీజన్లో తెల్లవార్లూ పొగలో నిలబడి, ఎండాకాలం రాగానే ఆ కళ్ళమంట తగ్గేదాకా మా ఇంట్లో ఒక నెలరోజులు పడుకునేవాడు. వస్తూ వస్తూ అరిటాకులో బెల్లపు పాకం ముద్ద తెచ్చేవాడు. భోజనం అయ్యాక వసారాలో నులకమంచం వేసుకుని, తుండు మొహం మీద కప్పుకుని, నాలుగయ్యేదాకా లేచేవాడు కాదు.

ఆ ఎండాకాలం కంప్యూటర్‌కి వేడి చేసింది. పైన రేకుల కప్పు, కిటికీలోంచి వడగాలి. పదకొండు దాటితే చాలు, అక్క సగం పేజీ టైపు చేసేసరికి అది చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది. అక్క మంగళవారం ఇవ్వాల్సిన ప్రశ్నపత్రాన్ని మూడుసార్లు మొదటి నుంచి కొట్టి, నాలుగోసారి కీబోర్డు మీద తల పెట్టుకుని కూర్చుంది. తెలిసినవాడైతే లోపలి ఫ్యాను దుమ్ము దులిపేవాడు. పది నిమిషాల పని. కానీ నేను రైల్వే స్టేషన్ పుస్తకాల షాపులో నిలబడి ఉచితంగా తిరగేసిన ఒక పత్రికలో, విదేశాల్లో కొందరు కంప్యూటర్‌ని నీళ్ళతో చల్లబరుస్తున్నారని చదివి ఉన్నాను. బొమ్మలు కూడా చూశాను. దుమ్ము దులపడం లాంటి చిన్న పనికి నా మనసు ఎలా ఒప్పుకుంటుంది? "అక్కా, నీ కంప్యూటర్‌కి జీవితంలో మళ్ళీ వేడి చెయ్యదు. నాకు వారం రోజులియ్యి" అన్నాను. అక్క నా మొహం వంక చూసి, "నాకు అన్నం పెట్టేది అదొక్కటేరా శ్రీనూ" అంది. ఆ మాటకి భయపడాల్సింది పోయి నేను గర్వపడ్డాను.

లేత్ షాపులో ఒక మేస్త్రీని బతిమాలి, పాత సామాన్లలోంచి అల్యూమినియం ముక్క తీయించి, లోపల వంకర కాలువలు తొలిపించాను. ఆయన "ఇది దేనికి బాబూ?" అని అడిగితే, వివరించినా అర్థం కాదన్నట్టు చిరునవ్వు నవ్వాను. నీళ్ళు తోడడానికి చేపల తొట్టిలో పెట్టే బుల్లి మోటారు. నీళ్ళు నడవడానికి, ఇల్లు కట్టే మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకపు ట్యూబు. లోపల వేడెక్కే చిప్పుకీ, దాని మీద కూర్చోబెట్టిన ఈ దిమ్మకీ మధ్య రాసే మందు మన ఊళ్ళో దొరకదు కాబట్టి పళ్ళ పేస్టు రాశాను. అసలు నా తెలివంతా నీళ్ళని చల్లబరచడంలో ఉంది. పత్రికలో కారు రేడియేటర్ పెట్టారు. నేను మాత్రం ఇసక మీద తడిగుడ్డ చుట్టిన మట్టికుండ పెట్టాను. దిమ్మ దగ్గర వేడెక్కిన నీళ్ళు కుండలోకి వచ్చి చల్లబడి మళ్ళీ వెళతాయి. అది నిజంగా పనిచేసింది! ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఒక్క వాక్యం రాస్తుంటే నాకు ఒళ్ళు పొంగుతోంది. మిట్టమధ్యాహ్నం కూడా కంప్యూటర్ ఆగలేదు. అక్క వరసగా నాలుగు ప్రశ్నపత్రాలు పూర్తిచేసి, నాకు ఉప్మాలో జీడిపప్పు ఎక్కువ వేసింది. కష్టం ఒక్కటే, ముందు గదిలో కుండ కనిపిస్తే మనవాళ్ళు ఊరుకోరు. శుభలేఖ అచ్చు వేయించుకోడానికి ఎలమంచిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నేను మోటారు సర్దుతూ మూత తీసి పెట్టిన సమయంలో గ్లాసు ముంచి గటగటా తాగేశాడు. "నీళ్ళు బాగున్నాయమ్మా, ఏ బావివి?" అని అక్కని అడిగాడు కూడా. ఆ రోజే నేను "ముట్టుకోవద్దు" అని కాగితాలు రాసి కుండకీ, ట్యూబుకీ, కనిపించిన ప్రతిదానికీ అంటించాను.

పది రోజులకి నీళ్ళు పచ్చబడ్డాయి. ట్యూబు పారదర్శకం, కిటికీ పక్కన ఎండ. పాచి పట్టక ఏం చేస్తుంది? నల్లటి ట్యూబు వాడితే సరిపోయేదని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెబుతారు. అప్పుడు మా ఇంట్లో ఉన్న ఏకైక ఇంజినీరుకి ఆ ఆలోచన రాలేదు. కుండలో జిగట తేలింది. మావయ్య ఆ మధ్యాహ్నం భోజనం చేసి చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"ఇదేటల్లుడా, మడ్డి కట్టేసింది?"

"పాచి మావయ్యా. ఎలా పోగొట్టాలో చూస్తున్నాను."

"మా పెనంలో అయితే ఇంత సున్నం ఏత్తాం. మడ్డంతా పైకొచ్చేత్తది, తీసి పారబోత్తాం." మూడు వేళ్ళు కలిపి చూపించి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయినా అది రసం, ఇది నీళ్ళు. నాకేటి తెలుసు? నువ్వు సదువుకున్నోడివి. నా మాట పట్టుకుని ఏదీ సెయ్యకు."

అంత స్పష్టంగా చెప్పి వెళ్ళి పడుకున్నాడు. నేను మాత్రం ఆయన మాటలో మొదటి సగమే పట్టుకున్నాను. పెరటి గోడకి వెల్ల వెయ్యగా మిగిలిన సున్నం నీళ్ళగది పక్కన డబ్బాలో ఉంది. మూడు వేళ్ళతో తియ్యడం పల్లెటూరి పద్ధతి అనిపించింది. సైన్సులో ఎంత ఎక్కువైతే అంత వేగం కదా అనుకుని గుప్పెడు తీసి కుండలో కలిపాను. కాసేపటికి ట్యూబులో బుడగలు మొదలయ్యాయి. పాచి విరిగిపోతోందని సంబరపడ్డాను. నురగ కుండ అంచు దాకా వచ్చింది. బెల్లం పెనం పొంగుతుంటే ఆముదం చుక్క వేస్తారని గుర్తొచ్చి, దేవుడి దీపాల దగ్గరున్న ఆముదం సీసా తెచ్చి ఒక చెంచా వేశాను. నురగ తగ్గింది. ఇంత ప్రతిభ ఉన్న నన్ను ఆ మూడు సబ్జెక్టుల్లో ఎందుకు తప్పించారా అని ఆ సాయంత్రం చాలాసేపు ఆలోచించాను. అల్యూమినియాన్ని సున్నం తినేస్తుందనీ, అప్పుడే ఆ బుడగలు వస్తాయనీ ఇంటర్ కెమిస్ట్రీలో ఉంది. ఆ పాఠం నేను చదివాను. మార్కులు కూడా వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం అక్క టైపు చేస్తుండగా దిమ్మకి చిల్లు పడింది. తెల్లటి నీళ్ళు, ఆముదం తెట్టుతో సహా, మదర్‌బోర్డు మీద కారాయి. చిటపటమని ఒక చప్పుడు, కాలిన రబ్బరు వాసన, తర్వాత ఏమీ లేదు. అక్క అరవలేదు. అరిచినా బాగుండేది. కుండ మూత తీసి, అడుగున పేరుకున్న తెల్లటి ముద్దని వేలితో తీసి చూసింది.

"సున్నం. ఎవరు వేశారిది?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. వసారాలో మంచం మీద మావయ్య కదిలాడు. అక్కా అమ్మా నా వైపు చూస్తున్నారు. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"మావయ్య" అన్నాను.

మావయ్య తుండు తీసి లేచి కూర్చున్నాడు. నిద్రమొహంతో కుండ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలీదు గానీ, ఆయనకి అంతా అర్థమైపోయిందని మాత్రం నాకు తెలిసింది. "అవునమ్మా సత్యా" అన్నాడు, "నేనే ఏసేను. తెలీక ఏసేను." అక్క ఆయన్ని ఏమీ అనలేకపోయింది. మేనమామని ఏమంటుంది? ఆ సాయంత్రం బస్సుకే మావయ్య వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. అక్క వెళ్ళి ఆ ప్రెస్సు యజమాని కాళ్ళావేళ్ళా పడి, రెండు నెలలు అక్కడే కూర్చుని పనిచేసి, మళ్ళీ ఒక కంప్యూటర్ తెచ్చుకుంది. దాని దగ్గరకి నన్ను రానివ్వలేదు.

ఒక అబద్ధం ఆడి ఊరుకుంటే కొంత నయం. నేను దాన్ని కథ చేశాను. మొదట ఇంట్లో చెప్పాను, అక్క మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నా గుండె మీద బరువు దిగిపోయినట్టయింది. దాంతో ఇంకా చెప్పాను. మావయ్య పంచె ఎగ్గట్టి, పెనం ముందు నిలబడ్డట్టు కంప్యూటర్ ముందు నిలబడి, గుప్పెడు సున్నం తీసి "ఇదిగో సూడల్లుడా" అంటూ విసిరినట్టు అభినయించేవాణ్ణి. గుప్పెడు అన్నప్పుడు చెయ్యి ఇంత పైకెత్తేవాణ్ణి. జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో ఏం అడిగినా సమాధానం తెలీక ఈ కథే చెబితే, అడిగేవాళ్ళు కూడా నవ్వి ఉద్యోగం ఇచ్చారు. నేను ఇప్పటికీ తింటున్న అన్నానికి మొదటి మెతుకు ఆ అబద్ధమే. కథ మార్కెట్‌కి పాకింది, బెల్లం బళ్ళతో పాటు పల్లెలకీ వెళ్ళింది. ఆ ఏడు చలికాలం, మావయ్య చేత ఇరవై ఏళ్ళుగా బెల్లం వండించుకుంటున్న అప్పలనాయుడు అనే రైతు, "గుప్పిళ్ళతో సున్నం ఏసే సెయ్యి నాకొద్దు బావా" అని పదిమందిలో నవ్వుతూ అని, నిజంగానే వేరే మనిషిని పెట్టుకున్నాడట. అది చూసి ఇంకో ఇద్దరు ఆయన్ని పిలవడం మానేశారు. అమ్మ ఈ మాట నాతో ఫోన్లో చెప్పింది. "పాపం, మీ మావయ్య పొలం పనికెళుతున్నాడురా" అంది. నేను "అయ్యో" అన్నాను. అంతే అన్నాను.

ఇప్పుడు నేను రాసుకునే యంత్రం పలకంత ఉంటుంది. దానికి వేడి చెయ్యదు, చప్పుడు చెయ్యదు, మూత విప్పడానికి మర కూడా ఉండదు. పాడైతే పారేసి ఇంకోటి తెచ్చుకోమంటారు. నాలాంటివాళ్ళ బారిన పడకుండా కంపెనీలవాళ్ళు బాగా ఆలోచించే చేశారనుకుంటాను. మా పాత వీధిలో బెల్లం వాసన కూడా తగ్గింది. గానుగలు తగ్గాయి, చెరకు వేసేవాళ్ళు తగ్గారు, మూడు వేళ్ళతో సున్నం వేసేవాళ్ళు ఎంతమంది మిగిలారో నాకు తెలీదు. అప్పటికంటే అన్నీ సుఖంగానే ఉన్నాయి. నేను కూడా సుఖంగానే ఉన్నాను. అందుకే కాబోలు, అక్క ఆ దిమ్మ పట్టుకుని నవ్వుతుంటే నామీద నాకే రోత పుట్టింది. "సున్నం వేసింది నేనక్కా" అన్నాను. అక్క నవ్వు ఆపింది. దిమ్మ నా చేతిలో పెట్టి, "నాకు కాదురా చెప్పాల్సింది. వెళ్ళు" అంది.

దిమ్మని జేబులో వేసుకుని బస్సెక్కాను. మావయ్య ఇంటి ముందు నీడలో కూర్చుని ఉన్నాడు. చూపు బాగా తగ్గింది. "మావయ్యా" అని పిలిస్తే నా గొంతు గుర్తుపట్టి "ఏటల్లుడా, ఇలాగొచ్చేవు?" అన్నాడు. దిమ్మ ఆయన చేతిలో పెట్టి, "ఆ సున్నం నేనే వేశాను మావయ్యా" అన్నాను. ఆయన దాని గుంటల్ని వేళ్ళతో తడిమాడు.

"నాకు తెలుసు గదేటి. అది సెప్పడానికి ఇంత ఎండలో వచ్చేవా?" అన్నాడు. దిమ్మని ఇంకోసారి తిప్పి, "నిజంగా గుప్పెడే ఏసేవా?" అని అడిగాడు.

"గుప్పెడే."

మావయ్య మొహం బాధతో చిట్లింది. "కుండడు నీళ్ళకి గుప్పెడేటల్లుడా! మూడు పెనాలకి సరిపోద్ది గదా అది!" ఇన్నేళ్ళలో నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే. తర్వాత మెల్లగా అన్నాడు. "అక్క కంప్యూటర్ మావయ్య పాడుసేసేడన్నావు, పోన్లే అనుకున్నాను. నాకు ఆ మిషన్ సంగతి తెలీదు, తెలీనోడు పాడుసేత్తాడు. గుప్పెడు ఏసేడన్నావు సూడు... నా సెయ్యి గుప్పెడు ఎప్పుడైనా ఏసిందేటి?" నేను తలెత్తలేకపోయాను. అంతలో ఆయనే లేచి, నా భుజం పట్టుకుని, "పద. అప్పలనాయుడు బావ ఇంకా ఉన్నాడు. ఆడికి సెప్పు" అన్నాడు.

అప్పలనాయుడు నాలుగిళ్ళ అవతల అరుగు మీద ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. అప్పుడు ఆ ఊళ్ళో నవ్వినవాళ్ళలో ఆయనొక్కడే మిగిలాడట. నేను చేతులు కట్టుకుని, "ఆ రోజు సున్నం వేసింది నేనండీ" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఆఁ?" అన్నాడు. అప్పుడు మావయ్య నన్ను మోచేత్తో పొడిచి, "గట్టిగా సెప్పాల, ఆడికి ఇనపడదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ కథని అభినయం లేకుండా చెప్పాను, అదీ వీధి మధ్యలో నిలబడి అరుస్తూ. "మావయ్య వెయ్యలేదు! వెయ్యొద్దన్నాడు! గుప్పెడు వేసింది నేను! అబద్ధం చెప్పాను!" ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి చూశారు. సైకిల్ మీద వెళ్ళే ఒకతను ఆగాడు. మావయ్య నా పక్కన నిటారుగా నిలబడ్డాడు.

అప్పలనాయుడికి చివరికి అర్థమైంది. దవడ కదుపుతూ చాలాసేపు ఆలోచించి, "అయితే ఆ ఏడు నా బెల్లం నల్లబడిపోడానికి కారణం నువ్వన్నమాట!" అన్నాడు నాతో. కొత్తగా పెట్టుకున్నవాడు రెండు పెనాలు పాడుచేశాడట. ఆ కోపం ఇన్నేళ్ళూ ఎవరి మీద పెట్టుకోవాలో తెలీక దాచుకున్నట్టున్నాడు. తర్వాత మావయ్య వైపు తిరిగి, "తప్పయిపోయింది బావా. నీ సెయ్యి నాకు తెలీదేటి" అన్నాడు. మావయ్య తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పలేదు?" అప్పలనాయుడు నన్ను గద్దించాడు.

వీధిలో ఉన్న అందరూ నా మొహమే చూస్తున్నారు. మావయ్య నా ముందుకి వచ్చి నిలబడి, పెద్దగా, అందరికీ వినపడేలా అన్నాడు.

"సిన్నపిల్లడు బావా. బయపడిపోయేడు. ఏటనకు."

సున్నం వేసినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఇప్పుడు నా జుట్టు మావయ్య జుట్టు కంటే తెల్లగా ఉంది. కాదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఆయన వెనకాలే నిలబడిపోయాను.